మూడో బండ

మా నాయన ఏసన్న ఏ సంగతి వచ్చినా "అక్క ఎట్లంటే అట్ల" అని ఊరుకొనే మనిషి. ఆ అక్కే మా మేనత్త రాహేలమ్మ. మా అమ్మ పోయేనాటికి నాకు ఏడేండ్లు, చెల్లెలు కృపమణికి ఒకటిన్నర. అప్పటినుంచి మమ్మల్ని పెంచింది అత్తే. ఎర్రగుంట్ల దగ్గర బండల గనిలో ఇరవై ఏండ్లు నాపబండలు మోసింది. నేను చెన్నపట్నంలో బి.ఎ. చదివి కడపలో మాస్టరునైనానంటే, దానికి ముందు ఆమె నెత్తిమీద ఎన్ని బండలు ఎక్కి దిగినాయో లెక్క లేదు.

1936 ఆఖరులో, చెన్నపట్నంలోని ఒక మిషను ఆసుపత్రిలో నర్సు చదువుకు కృపమణికి చోటు దొరికిందని ఉత్తరం వచ్చింది. నాయన దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకొని, మడిచి అత్త చేతిలో పెట్టినాడు. అత్తకు చదువు రాదు. ఆమె ఉత్తరాన్ని తిరగేసి వెనకవైపు చూసింది.

"ఈ పక్క ఏమీ రాయలేదే!" అన్నది.

"అంతా ముందరనే ఉండాది అత్తా. జనవరి రెండో తేదీ చేరాల. ఒకటో తేదీ సాయంత్రం ఐదు గంటల లోపల ఇంటి పెద్దోళ్లు పోయి సరేనని చెప్పాల. లేకుంటే ఆ చోటు ఇంగొకరికి ఇస్తారంట."

"ఇంటి పెద్దంటే ఎవురు?"

నాయన పైకప్పు వైపు చూసినాడు.

"సరే, నేనే పోయి చూసొస్తా," అన్నది అత్త. "నచ్చితే దిగబెట్టొస్తా. నచ్చకుంటే దాన్ని ఎనక్కి పిల్చకొస్తా. ఊర్లో ఏమేమో అంటాండారు. మొగోళ్లను తాకల్లంట, రాత్రుల్లో మేలుకోవల్లంట. చూడకుండా నేను యాడికీ పంపను."

కృపమణి వాకిట్లో కూర్చొని చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది. తల ఎత్తలేదు. కానీ చేట ఆగిపోయింది. ఆ చదువు కోసం అది రెండేండ్లుగా ఎట్లా ప్రార్థన చేస్తున్నదో నాకు తెలుసు.

ఇక్కడ అత్త గురించి ఒక మాట చెప్పాలి. గనిలో బండలను దొంతులుగా పేరుస్తారు. నునుపైనవి, అంచు విరగనివి పైన పెట్టడం మేస్త్రీలకు అలవాటు. కొనేవాడు పైది చూసి సంతోషపడి దొంతి అంతా తీసుకొని పోతాడు. తెలిసినవాళ్లు ఎవరైనా ఇంటికి బండలు కావాలని వస్తే, అత్త పై రెండూ ఎత్తించి మూడోదాన్ని చూపించేది. వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి వినేది. ఈ అలవాటు ఆమెకు బండల దగ్గర ఆగిపోలేదు. ఊళ్లో పెద్ద ఇండ్ల ముందువాకిలి ఆమె ఎప్పుడూ తొక్కలేదు, తొక్కనిచ్చేవాళ్లు కారు. కూలి గింజల కోసం దొడ్డివాకిట నిలబడేది. అందుకని ఏ ఇంటి గుణమైనా ఆమెకు దొడ్డివైపునుంచే తెలుసు. ఎవరైనా మేడ చూపించి మెచ్చుకుంటే, "ఎనక ఎట్లుండాదో?" అని అడిగేది.

నాకు భయమంతా అదే. చదువుకొనే రోజుల్లో ఒకసారి జ్వరమొచ్చి నేను ఆ ఆసుపత్రిలోనే పది దినాలు పడి ఉన్నాను. ముందువైపు గులాబీ చెట్లు, రంగు అద్దాల కిటికీలు, చల్లని వరండా. వెనకవైపు మాత్రం చదువుకొనే ఆడపిల్లలు రోగుల ఉచ్చగిన్నెలు కడుగుతూ, రక్తపు గుడ్డలు ఉతుకుతూ ఉంటారు. అది అత్త కంట పడితే ఇంక మాట ఉండదు. అందుకని నేనొక పథకం వేసుకొన్నాను. పొద్దున్నుంచీ ఊరంతా తిప్పి చూపించి, ఆమె మనసు నిండిన తరువాత, నాలుగున్నరకు ముందు వరండాకు తీసుకొనిపోయి, అక్కడే సరే అనిపించాలి. చూడవలసిన వాటిని వరసగా కాగితంమీద రాసుకొన్నాను. చేసేది దాపరికమని అప్పుడు నాకు తోచలేదు.

జనవరి ఒకటో తేదీ పొద్దున మెయిలు దిగినాం. స్టేషను కొళాయి దగ్గర ముఖాలు కడుక్కొని, అత్త కొత్త సంవత్సరానికి ఒక చిన్న ప్రార్థన చేసింది. మా పక్కన ముఖం కడుక్కుంటున్న ముసలాయన ఎవరో కూడా చేతులు జోడించుకొని ఆమెన్ అన్నాడు. బయటికి వస్తే ఎండ. మా సీమ ఎండ లాంటిది కాదు అది. మా ఎండ ఎదురొచ్చి నిలబడుతుంది. ఇది పక్కన నడుస్తుంది. గాలిలో తడి ఉంది, ఉప్పు వాసన ఉంది. రోడ్డు పొడవునా చెట్ల ఆకులు కడిగినట్లు మెరుస్తున్నాయి.

ట్రాము ఎక్కినాం. గుర్రం లేదు, ఎద్దు లేదు, పొగ లేదు. గంట కొట్టుకుంటూ పోతూ ఉంది. కృపమణి చువ్వ పట్టుకొని కండ్లు పెద్దవి చేసుకొని చూస్తూ ఉంది. అత్త మాత్రం చివరి బల్లమీద వెనక్కి తిరిగి కూర్చుంది.

"ముందర చూడు అత్తా, ఎంత బాగుండాదో!"

"ముందరిది ఎట్లైనా వస్తాది లేరా. పోయిందాన్ని చూస్తాండా."

టిక్కెట్లిచ్చే ఆయన తెలుగువాడు. "ఏ ఊరమ్మా?" అని అడిగినాడు.

"ఎర్రగుంట్ల" అన్నది అత్త. ఆయనకు తెలియలేదు.

"ఈడ ఎర్రగుంట్ల అంటే ఎవరికీ తెలీదత్తా. కడప అని చెప్పు," అన్నాను. ఈ మాట నేను ఎందుకు చెప్పినానా అని సాయంత్రం అనుకోవలసి వచ్చింది.

మొదట హైకోర్టు చూపించినాను. సెలవు గనుక జనం లేరు. ఎర్రటి గుమ్మటాలు, వాటిమీద ఎండ. అన్నిటికంటే ఎత్తయిన గుమ్మటంలో దీపం ఉంటుందనీ, సముద్రంలో ఓడలకు దారి చూపిస్తుందనీ చెప్పినాను. అత్త తల పైకెత్తి, నోరు తెరిచి, ముసుగు జారిపోయేదాకా చూసింది. నాకు ఉత్సాహం కలిగింది. ఇంతలో ఆమె కొంగు బిగించి గోడ పక్కనే నడవడం మొదలుపెట్టింది.

"యాడికత్తా?"

"ఎనక్కి."

నేనూ కృపమణీ ఆమె వెంబడి పడినాం. అంత పెద్ద కట్టడాన్ని చుట్టి రావడం తక్కువ పని కాదు. వెనకవైపు చేరినాక అత్త నిలబడిపోయింది. అక్కడ కూడా అవే స్తంభాలు, అవే తీగలు, అవే పువ్వులు. ఎవరూ తల ఎత్తి చూడని మూలలో కూడా రాతిలో ఒక ఆకు చెక్కి ఉంది. అత్త ఆ ఆకుమీద చెయ్యి పెట్టింది. బండ మోసి మోసి కాయలు కాచిన చెయ్యి.

"ఎనక గూడా అంతే చెక్కినార్రా!" అన్నది. "ఎవురు చూస్తారని చెక్కినాడో మారాజు. మేస్త్రీ తిట్టుంటాడు, ఈడెందుకురా ఇంత పని అని."

చాలాసేపటిదాకా ఆమె ఆ చెక్కినవాడి గురించే మాట్లాడింది. వాడికి పెండ్లాం బిడ్డలు ఉండినారో లేదో, వాడి పేరు ఎక్కడన్నా రాసినారో లేదో అడిగింది. నేను ఈ ఊళ్లో నాలుగేండ్లు చదివినాను. ఆ మూలకు ఎప్పుడూ పోలేదు.

పదకొండయింది. ఇడ్లీలు తినడానికి ఒక చిన్న హోటలుకు తీసుకొనిపోయినాను. మేం ఇద్దరం బల్ల దగ్గర కూర్చొని చూస్తే అత్త లేదు. హోటలాయన కేకలు వేస్తున్నాడు. అత్త వంటింటి వెనకనుంచి నెమ్మదిగా వచ్చి కూర్చుంది.

"తినండి," అన్నది. "గిన్నెలు బూడిదేసి తోమినారు. తినొచ్చు."

"అత్తా, ఆయన తిడతాండాడు నిన్ను."

"అరవంలో గదా తిట్టేది. నాకేం తగుల్తాది?"

కృపమణికి నవ్వొచ్చి పొలమారింది. ఆ హోటలాయన కూడా చివరికి నవ్వినాడు. అత్త గిన్నెలను మెచ్చుకొన్నదని నేను నాకొచ్చిన అరవంలో చెప్పేసరికి, అడగకుండానే ఆమె ఆకులో ఇంకో గరిటె చట్నీ వేసినాడు.

మధ్యాహ్నం దాటి సముద్రపు ఒడ్డుకు పోయినాం. సెలవని ఊరు ఊరంతా అక్కడే ఉంది. తెల్లచొక్కాల పిల్లలు, గొడుగుల కింద దొరసానులు, గాలిపటాలు. ఇసుక దాటి నడిచేకొద్దీ చప్పుడు పెరుగుతూ వచ్చింది. కృపమణి నా చెయ్యి పట్టుకొంది. పద్దెనిమిదేండ్లు వచ్చేదాకా మేం నీళ్లంటే బావి అడుగున చూసినవాళ్లం. వానాకాలంలో వాగు రెండు దినాలు పారితే ఊరంతా గట్టుమీద నిలబడి చూసేది. ఇక్కడ కంటికి ఆనినంతవరకూ నీళ్లే. నీలం, దానిమీద ఎండ, ఎండమీద మళ్లీ నీలం. అల లేచేటప్పుడు దాని లోపలినుంచి వెలుగు పచ్చగా కనబడి, విరిగి తెల్లగా అయిపోతున్నది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ పచ్చదనాన్ని చెప్పడానికి సరైన మాట దొరకలేదు.

అత్త కుడివైపు కొంచెం దూరం నడిచింది. వెనక్కి తిరిగి వచ్చి ఎడమవైపు కొంచెం దూరం నడిచింది. మళ్లీ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఒరేయ్ ఆనందం, దీనికి ఎనక యాడుండాది?"

"ఆ పక్కనుండాది అత్తా. బర్మా దేశం."

"అంటే దీని దొడ్డివాకిలి బర్మాలో ఉండాదా?"

కృపమణి ఇసుకలో కూలబడి నవ్వింది. దాని నవ్వు చూసి పక్కన శనగలు తింటున్న పిల్లలు కూడా నవ్వినారు.

"పడవెక్కితే నాలుగైదు దినాలు పడ్తాది," అన్నాను.

అత్త అలల వైపు మళ్లీ ఒకసారి చూసింది. "పోనీలే. ఒగదాన్నన్నా ముందరనుంచే చూసి నమ్ముదాం," అన్నది.

ఆ తరువాత ఆమె చేసిన పని నేను ఎదురుచూడలేదు. చీర మోకాళ్లదాకా ఎత్తి దోపుకొని, అలలోకి నడిచి నిలబడింది. అల వచ్చి కాళ్లను కొట్టినప్పుడల్లా "అబ్బ! అబ్బ!" అనేది. యాభై ఏండ్ల మనిషి. నేనెప్పుడూ ఆమెను పని లేకుండా నిలబడి ఉండగా చూడలేదు. ఆమె చేతులు ఏం చేయాలో తెలియక ఒకసారి నడుముమీదికి, ఒకసారి నెత్తిమీదికి పోతున్నాయి. చివరికి రెండు చేతులూ వదిలేసి, ఊరికే నిలబడింది. కృపమణి పోయి పక్కన నిలబడింది. ఇద్దరి నీడలూ తడి ఇసుకలో ఒకటిగా పడినాయి.

మూడున్నరైంది. "పోదాం రా అత్తా," అన్నాను.

"ఉండప్పా. ఇంగొకటి రానీ."

ఇంకొకటి, ఇంకొకటి అంటూ నాలుగు గంటలు దాటించింది. నాకు కాళ్లకింద నిప్పులున్నట్లుంది. కృపమణి కూడా ఒడ్డున ఉన్న మూట వైపు చూడసాగింది. మూటలో దాని రెండు చీరలు, బైబిలు, దువ్వెన ఉన్నాయి. చివరికి జట్కా మాట్లాడి ఎక్కించినాను. ఆసుపత్రి ముందర దిగేసరికి నాలుగు గంటల నలభై నిమిషాలు. గేటు లోపల గులాబీలు ఎర్రగా కనబడుతున్నాయి. మనసులోనే దేవునికి వందనాలు చెప్పుకొన్నాను.

నేను జట్కాలోనుంచి మూట దించుతూ ఉండగానే అత్త గేటు దగ్గరికి పోయింది. కావలివాడు "యారు? ఎంగేందు?" అన్నాడు. ఎవరు, ఎక్కడినుంచి అని అర్థం. అత్తకు అరవం రాదు గాని ప్రశ్న తెలిసింది. పొద్దున నేను నేర్పిన మాట గట్టిగా చెప్పింది.

"కడప!"

కావలివాడు ఆమె నెత్తిమీద అరిగిన జుట్టునూ, భుజాలనూ, చేతులనూ చూసినాడు. "కడప్పా కల్లా? పిన్నాలె, పిన్నాలె," అని గోడ పక్క సందు చూపించినాడు. చెన్నపట్నంలో కడప అంటే ఊరు కాదు, నేలమీద పరిచే నల్లబండ. బండి వెంట వచ్చిన కూలిమనిషి అనుకొని, బండలు దించే చోటికి వెనకనుంచి పొమ్మన్నాడు.

"చూసినావా!" అన్నది అత్త, వెలుగుతున్న ముఖంతో. "అడక్కుండానే దొడ్డిదోవ చూపించినాడు. ఈ ఊర్లో మంచి మనుషులుండారు."

"అత్తా, ఆయన పొరబాటు పడినాడు. అది బండ్లు పోయే దోవ. మనం ఇట్ల పోవల్ల."

"పొరబాటైతే అయితాది లేరా." అప్పటికే సందులో సగం దూరం పోయింది.

నేను కావలివాడికి సంగతి చెప్పడానికి ఆగినాను. అతడు నా మాట వింటూనే మొదటినుంచీ మళ్లీ అడగసాగినాడు. అతణ్ని వదిలి పరుగెత్తినాను. నేను పోయేసరికి అత్త దొడ్డిలో నిలబడి ఉంది, పక్కన కృపమణి.

దొడ్డిలో కొత్త వరండా కడుతున్నారు. బండల దొంతి ఒకటి ఉంది. దానికి అవతల కొళాయి దగ్గర అయిదారుగురు ఆడపిల్లలు నీలం అంచు చీరల్లో గొంతుక్కూర్చొని బేసిన్లు, ఉచ్చగిన్నెలు కడుగుతున్నారు. గోళెంలో గుడ్డలు నానుతున్నాయి, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వాసన వస్తున్నది. నేనేది దాచాలనుకొన్నానో అది అంతా ఎండలో పరిచినట్లుంది. నేను నోరు తెరిచి, "అత్తా, ఈ పని మొదటి ఏడు మాత్రమే," అన్నాను. ఆమె వినలేదు.

తెల్లచీర కట్టిన పెద్ద నర్సమ్మ ఒకామె లోపలినుంచి వచ్చింది. నల్లగా, పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉంది. నాకు తెలుసు ఆమెను. నా జ్వరం దినాల్లో ఆమె అడుగు చప్పుడు వినబడితే రోగులు కూడా దుప్పటి సర్దుకొనేవాళ్లు. ఆమె ఒక పిల్ల కడిగి పెట్టిన బేసిను తీసి, ఎండకు పట్టి చూసి, అంచు చూపించి, అరవంలో ఏమో అన్నది. గట్టిగా అన్నది. ఆ పిల్ల తల వంచుకొని ఏడ్చింది.

అత్త నా చెయ్యి పట్టుకొంది. "ఏమంటాండాది?"

ఇంక దాచి లాభం లేదు. "ఈ మురికి రేపు ఇంగొకరి పుండులో పోతాది అంటాండాది. నీ చేతులతోనే ఒకరిని చంపుతావా అంటాండాది."

అంతలో ఆ పెద్ద నర్సమ్మ తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, ఆ పిల్ల పక్కనే తడినేలమీద గొంతుక్కూర్చుంది. పీచు తీసుకొని, బేసిను అంచు ఎట్లా తోమాలో తోమి చూపించింది. అది అయినాక ఉచ్చగిన్నె తీసుకొని అది కూడా తోమింది. పిల్ల ఏడుపు ఆపి చూస్తూ ఉంది. తరువాత ఇద్దరూ కలిసి తోమినారు.

"ఆమె ఎవురు?" అన్నది అత్త.

"ఈ బిడ్డలందరి మీదా అధికారి. పెద్ద నర్సమ్మ."

"అధికారా?"

"అవును అత్తా."

అత్త బండల దొంతిమీద కూర్చుంది. "ఇరవై ఏండ్లు," అన్నది. "ఇరవై ఏండ్లల్ల ఎన్ని బూతులు తిట్టినా, మా మేస్త్రీ ఒక్కనాడు ఒక్క బండ ఎత్తి, ఇట్ల ఎత్తల్లమ్మే అని చూపించలేదు." కొంగుతో ముఖం తుడుచుకొంది. చెమటో, మరొకటో నాకు తెలియదు.

తలుపులోంచి కనబడే గోడగడియారం అయిదుకు దగ్గరవుతున్నది. ముందు ఆఫీసుకు పోవాలి. అత్త సరే అనాలి. నేను ఆమె ముఖం చూస్తూ నిలబడినాను. ఆమె మాత్రం నన్ను దాటి ఎక్కడికో చూస్తున్నది. తిరిగి చూస్తే కృపమణి నా పక్కన లేదు. కొళాయి దగ్గర, చీర ఎగ్గట్టి, గొంతుక్కూర్చొని, ఒక బేసిను తీసుకొని తోముతూ ఉంది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. పెద్ద నర్సమ్మ దాన్ని ఒకసారి చూసి, బేసిను అంచుమీద వేలు పెట్టి, ఇంకా ఇక్కడ అన్నట్లు చూపించింది. కృపమణి అక్కడ తోమింది.

"నన్ను అడగనే లేదే అది!" అన్నది అత్త.

"అడగమంటావా? పిలుస్తా."

"ఏం వద్దు. ఎట్ల తోముతాండాదో చూడు. ఇంట్లో ఒక్కనాడన్నా అట్ల తోమిందా నా గిన్నెలు?"

పెద్ద నర్సమ్మ లేచి చేతులు కడుక్కొని మా వైపు వచ్చింది. బండలవాళ్లు అనుకొన్నదేమో, ఎన్ని దించినారు అని అడిగింది. నేను తొందర తొందరగా, నాకొచ్చిన అరవంలో, మేం కృపమణి తరఫువాళ్లమనీ, సరేనని చెప్పడానికి వచ్చినామనీ, గేటు దగ్గర పొరబాటు జరిగిందనీ చెప్పినాను. ఆమె కొళాయి వైపు చూసి, మళ్లీ మా వైపు చూసింది. నవ్వలేదు. "రేపు ఆరింటికి గంట కొడతారు. అప్పటికి ఉండాలి. ఇప్పుడు ఆఫీసులో పేరు రాయించండి," అన్నది.

నేను అత్తకు చెప్పినాను. అత్త లేచి నిలబడింది. నేను అనుకొన్నాను, రాత్రి పనుల గురించి, మగరోగుల గురించి అడుగుతుందని. ఆమె అవేవీ అడగలేదు.

"ఆమెకు ఒక మాట చెప్పు ఆనందం. ఈ బిడ్డ ఆకలైనా చెప్పదు. చిన్నప్పటినుంచి అంతే. అన్నం ఉండాదో లేదో చూసి, లేకుంటే ఊరుకుంటాది. మనం అడగల్ల, తిన్నావా అని."

ఏదో ఒక విధంగా చెప్పినాను. పెద్ద నర్సమ్మ విని, "ఇక్కడ అన్నానికి గంట కొడతాం. అందరూ తింటారు," అన్నది.

అత్త తల అడ్డంగా ఊపింది. "గంట కొట్టినా రాదు. అందరూ తిన్నంక మిగిల్తే తింటాది. అడగమను."

నేను మళ్లీ చెప్పినాను. ఈసారి పెద్ద నర్సమ్మ అత్త చేతులను చూసింది. తరువాత, నాకు కాదు, అత్తకే, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. అరవమే అయినా అత్తకు అర్థమైందని నాకు తెలిసింది.

"నేను అడుగుతాను."